పెనియోస్ కొడుకు

ఫైదిమోస్ నది కొడుకు. మా పెనియోస్ నది ఒడ్డున ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. రాజుగారి కూతురు క్రినో పెళ్ళికాక ముందు ఒక వేసవిలో నీళ్ళాడటానికి వెళ్ళిందనీ, నదీదేవుడు పడుచువాడి రూపంలో పైకి లేచివచ్చి ఆమెను కూడాడనీ, అలా ఈ పిల్లవాడు పుట్టాడనీ చెప్పుకునేవారు. రాజు కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. నదికి నల్లటి ఎద్దును బలి ఇచ్చి, మనవణ్ణి తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. దేవుడు ముట్టిన స్త్రీని పెళ్ళికి అడిగే ధైర్యం మరే రాజుకూ లేకపోయింది. క్రినో పుట్టింట్లోనే, మేడ మీది మగ్గం గదిలో ఉండిపోయింది. ఆ రాజు పోయాక కొండ మీది కోట, దిగువ మైదానంలోని గుర్రాల మందలు ఫైదిమోస్‌వి అయ్యాయి.

అతని రథం తోలేవాడు నోమియోన్. ఆ గుర్రాలను కాసే ఆర్నేస్ కొడుకు. వాణ్ణి కని తల్లి పురిట్లోనే పోతే, క్రినో ఆ పసివాణ్ణి కోటలోకి తెప్పించి తన కొడుకుతో పాటు పెంచింది. ఇద్దరూ ఒకే గొంగళి కింద పడుకున్నారు, ఒకే గుర్రం మీంచి పడ్డారు. నలుగురిలో ఉన్నప్పుడు నోమియోన్ "దొరా" అని పిలిచేవాడు. ఇద్దరే ఉన్నప్పుడు "ఒరే" అనేవాడు. ఎక్కడ ఏది అనాలో వాడు ఎప్పుడూ పొరబడలేదు.

ఒక ఏడు బార్లీ కోతలైన తర్వాత కొండల్లోంచి దొంగలు దిగివచ్చి మైదానంలోని పశువులను తోలుకుపోయారు. చుట్టుపక్కల రాజకుమారులందరూ ఒక్కటై వెంటపడ్డారు. వాళ్ళను కూడగట్టినవాడు పొరుగు కోట దొర హిప్పాసోస్. తన చెల్లెల్ని ఫైదిమోస్‌కు ఇవ్వాలని అతని ఉద్దేశం. మాట ఇంకా ఖాయం కాలేదు కానీ అప్పటికే నోరారా "బావా" అంటున్నాడు.

వీళ్ళు చేరుకునేసరికి దొంగలు మందను నది దాటించి అవతలి ఒడ్డున నిలబడి ఉన్నారు. కొండల్లో వాన పడినట్టుంది, నీళ్ళు ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి. రథాలన్నీ ఆగిపోయాయి. అందరి చూపులూ ఫైదిమోస్ వైపు తిరిగాయి.

"మీ నాన్నగారే కదా బావా. కాస్త దారి ఇమ్మను," అన్నాడు హిప్పాసోస్.

నోమియోన్ గొంతు తగ్గించి, "ఇక్కడ వద్దు దొరా. అడుగంతా బండరాళ్ళు. పైన నీళ్ళు వెడల్పుగా పారే చోటుంది, అక్కడ దాటుదాం," అన్నాడు.

"తోలు."

"మునుగుతాం."

"మా నాన్న నన్ను ముంచుతాడా? తోలమంటుంటే."

నోమియోన్ తోలాడు. గుర్రాలు మెడలోతుకు దిగాయి. నడిమధ్యలో చక్రం రాయికి తగిలి రథం బోర్లా పడింది. ఫైదిమోస్ ఒంటి మీద కంచు కవచం ఉంది, కాళ్ళకు కంచు తొడుగులు ఉన్నాయి. బండలా మునిగిపోయాడు. మొదట అతనికి భయం వెయ్యలేదు. నాన్న చూస్తాడు, నాన్న చెయ్యి అందిస్తాడు అనుకుంటూ కళ్ళు తెరిచి ఆ ఎర్రటి నీళ్ళలోకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. నోట్లోకి, ముక్కులోకి బురద వచ్చింది. అప్పుడు నోరు తెరిచి పిలవబోయాడు. ఎవరిదో చెయ్యి అతని జుట్టు పట్టుకుంది.

వరద వాళ్ళిద్దరినీ నది మలుపు దాకా ఈడ్చుకుపోయి, విల్లో చెట్ల వెనక ఒడ్డుకు తోసింది. నోమియోన్ అతన్ని బోర్లా తిప్పి వీపు మీద గుద్దాడు. నీళ్ళు కక్కించాడు. నోమియోన్ కుడి చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయి ఉంది. రథం ఇరుసు గీసుకుపోయినట్టుంది.

"నన్ను ముంచేశాడురా," అన్నాడు ఫైదిమోస్ వణుకుతూ. "మా నాన్న నన్ను ముంచేశాడు."

"మాట్లాడకు. వాళ్ళొస్తున్నారు."

హిప్పాసోసూ మిగతావాళ్ళూ చెట్ల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చారు. నోమియోన్ లేచి నిలబడ్డాడు. "నది దొరను రెండు చేతులతో ఎత్తి ఒడ్డున పెట్టింది. నేను కళ్ళారా చూశాను," అన్నాడు.

రాజకుమారులు నీళ్ళ వైపు తిరిగి చేతులు చాచి మొక్కారు. ఫైదిమోస్ నోరు తెరిచాడు. మాట రాలేదు, ఇంకొన్ని నీళ్ళు వచ్చాయి. తర్వాత మాట వచ్చింది కానీ అప్పటికి చెప్పబుద్ధి కాలేదు. అవతలి ఒడ్డున దొంగలు కూడా చూశారు. అంత కంచుతో మునిగినవాడు బతికి లేవడం చూసి బెదిరిపోయి, పశువులను వదిలేసి కొండలు పట్టారు. ఒక్క ఈటె కూడా విసరకుండానే గెలుపు దక్కింది.

ఆ సాయంత్రం హిప్పాసోస్ ఇంట్లో విందు జరిగింది. ఎద్దులను కాల్చారు, ద్రాక్షమద్యంలో నీళ్ళు తక్కువగా కలిపారు. ఒక్కొక్క రాజకుమారుడూ లేచి తన తండ్రి పేరు, తాత పేరు చెప్పుకుని, నదికి కొంత మద్యం నేల మీద ధారపోసి, ఫైదిమోస్ పేరు చెప్పి తాగాడు. ఇకనుంచి ఒకరింటికి ఒకరం అతిథులం, ఒకరి మీద ఒకరం కత్తి ఎత్తం అని ఒట్లు వేసుకున్నారు. ఒట్టు కూడా పెనియోస్ మీదే వేశారు.

అప్పుడు హిప్పాసోస్ కళ్ళు బల్ల చివర కూర్చున్న నోమియోన్ మీద పడ్డాయి. వాడు ఎడమ చేత్తో మాంసం తింటున్నాడు. కుడిచేతికి గుడ్డ కట్టి ఉంది.

"ఆ గుర్రాలవాడు మన వరసలో కూర్చున్నాడేంటి బావా? గుర్రప్పేడ వాసన ఇక్కడిదాకా కొడుతుంటే, మా వంటవాడు మాంసం మాడ్చాడేమో అనుకున్నా."

అందరూ నవ్వారు. నవ్వి, ఏమంటాడో అని ఫైదిమోస్ వైపు చూశారు.

చెప్పవలసిన మాట అతని నాలుక చివరే ఉంది. వీడు నా ప్రాణం నిలబెట్టినవాడు, ఆ చేతి దెబ్బ నావల్ల తగిలింది అంటే చాలు. కానీ ఆ మాట అంటే నది ఎత్తి ఒడ్డున పెట్టిన మాట ఏమవుతుంది? ఇంతమంది ఆ మాట మీదే తాగారు, ఒట్లు వేశారు. అతను కూడా నవ్వాడు.

"గుర్రాలు వీడి మాట వింటాయి కాబట్టి వెంట తిప్పుకుంటున్నా. ఒరే నోమియోన్, వెళ్ళి వాటికి బార్లీ వెయ్."

బార్లీ ఎప్పుడో వేసేశాడని అతనికి తెలుసు. వేసేటప్పుడు పక్కనే ఉన్నాడు. నోమియోన్ చేతిలోని ముక్క బల్ల మీద పెట్టి, "చిత్తం దొరా," అని లేచి వెళ్ళిపోయాడు. ఫైదిమోస్‌కు చెవులు కాలిపోయాయి. ఆ తర్వాత చాలాసేపు, ఎవరు ఏమన్నా అవసరం కంటే గట్టిగా నవ్వుతూ కూర్చున్నాడు. బయల్దేరేటప్పుడు హిప్పాసోస్ అతనికి వెండి గిన్నె కానుకగా ఇచ్చాడు.

మర్నాడు అరువు తెచ్చుకున్న రథం మీద ఇంటికి వచ్చారు. నోమియోన్ ఒంటిచేత్తో పగ్గాలు పట్టుకుని గుర్రాలతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. మైదానం మధ్యలో, కనుచూపుమేరలో మనిషి లేనిచోట, ఫైదిమోస్ "ఒరే" అన్నాడు.

"చెప్పండి దొరా," అన్నాడు నోమియోన్.



ఇంటికి వచ్చి ఫైదిమోస్ నేరుగా మేడ ఎక్కాడు. క్రినో మగ్గం ముందు నిలబడి ఉంది. కొడుకు బతికి రావడం చూసి దగ్గరకు తీసుకోబోయింది. అతను వెనక్కి జరిగాడు.

"అమ్మా, నేను ఆయన్ని పిలిచాను. ఆయన చెయ్యి ఇవ్వలేదు."

"ఎవరు నాయనా?"

"నాన్న. నీళ్ళలో పడ్డాను. ఊపిరి ఆడలేదు. ఎంత చూసినా ఆయన కనబడలేదు. నేనేం తప్పు చేశాను?"

క్రినో చేతిలోని దారపుకండె జారి గచ్చు మీద దొర్లింది. "మరి నిన్నెవరు లాగారు?"

"నోమియోన్."

ఆమె పీట మీద కూలబడింది.  "నదికి చేతులెక్కడివి నాయనా," అంది.

తర్వాత మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పింది. ఆ వేసవిలో ఆర్నేస్ పడుచువాడు. లేత గుర్రాలను లొంగదీయడానికి రోజూ నది దగ్గరకు తెచ్చేవాడు. ఆమె రోజూ నీళ్ళకు వెళ్ళేది. సంగతి బయటపడేసరికి తండ్రి కత్తి తీశాడు. ముసలి దాది అడ్డం పడి, అమ్మాయిని అంటుకున్నది నదీదేవుడు ప్రభూ అంది. అది ఆ దాది అప్పటికప్పుడు అల్లిన మాట.

"మా నాన్న నమ్మాడో లేదో నాకు తెలీదు. నమ్మినట్టే ఎద్దుని కోశాడు. ఆర్నేస్‌కి వెంటనే ఇంకో పిల్లనిచ్చి పెళ్ళి చేసేశాడు. నువ్వు బతికావు, నేను బతికాను. అంతకంటే ఏం కావాలి అనుకున్నా."

"అయితే నోమియోన్..."

"నీ తమ్ముడు."

ఫైదిమోస్‌కు ముందుగా వచ్చిన సిగ్గు ఏమిటంటే, నేను గుర్రాలవాడి కొడుకునా అని. అది కాస్త తగ్గాక, అలా సిగ్గుపడినందుకు మరింత సిగ్గు వేసింది. బల్ల దగ్గర నవ్విన నవ్వు గుర్తొచ్చింది. గుర్రప్పేడ వాసన అన్నప్పుడు తను నవ్వాడు. తన నరాల్లో ఉన్నదీ ఆ వాసనే. తల్లి ముఖం చూడలేక మేడ దిగిపోయాడు.

కొన్నాళ్ళు కోట దాటి బయటకు రాలేదు. దాసీలు "నదిపుత్రా" అని పిలిచినప్పుడల్లా ఎవరో చెంప మీద కొట్టినట్టుండేది. చివరికి ఒక మధ్యాహ్నం ఒక్కడే నడుచుకుంటూ మైదానంలోకి, ఆర్నేస్ గుడిసె దగ్గరకు వెళ్ళాడు.

ముసలాయన ఒక ఆడగుర్రం డెక్క ఒళ్ళో పెట్టుకుని గీకుతున్నాడు. నోమియోన్ దాని మెడ పట్టుకుని నిలబడ్డాడు.

"రండి దొరగారూ. మీరు రావడమెందుకు, కబురంపితే మేమే వచ్చేవాళ్ళం," అన్నాడు ఆర్నేస్.

"అమ్మ చెప్పింది," అన్నాడు ఫైదిమోస్.

ముసలాయన తల ఎత్తలేదు. డెక్క గీకడం మాత్రం ఆపాడు. "చెప్పకుండా ఉండాల్సింది," అని కొంచెంసేపటికి మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు. 

ఫైదిమోస్ నోమియోన్ వైపు తిరిగాడు. "నీకెప్పుడు తెలుసు?"

"దొంగల మీదికి బయల్దేరిన రోజు నాన్న చెప్పాడు. వాణ్ణి ఒంటరిగా వదలకు, వాడు నీ అన్న, అన్నాడు."

"అంటే ఆ బల్ల దగ్గర నీకు తెలుసు."

"తెలుసు."

"మరెందుకు లేచి వెళ్ళావు?"

"నువ్వు వెళ్ళమన్నావు కదా."

ఆడగుర్రం తోక ఆడించి ఈగలు తోలుకుంది. ఫైదిమోస్ ఎండలో నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, తనంతట తను కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

"నేను అందరి ముందూ చెప్పేస్తాను," అన్నాడు. "వచ్చే వారం హిప్పాసోస్ వాళ్ళందరూ మా ఇంటికొస్తున్నారు. నేను ఎవరి కొడుకునో, నువ్వు నాకేమవుతావో చెప్తాను. ఇలా తల దించుకుని నేను బతకలేను."

"అమ్మగారు తల దించుకుంటే పర్లేదా?" అన్నాడు నోమియోన్.

ఫైదిమోస్ కొండ మీది కోట వైపు చూశాడు.

"నీ మనసు తేలికవ్వాలని ఆవిడ బతుకు వీధిలో పెడతావా? మా నాన్నను ఏం చేస్తారో ఆలోచించావా? రాజుగారి కూతుర్ని ముట్టుకున్న కూలివాణ్ణి ఊరికే వదులుతారా? నువ్వు సిగ్గుపడుతున్నావు. పడు. దాన్ని తెచ్చి మా నెత్తిన పొయ్యకు."

"ఒరే, తగ్గు," అన్నాడు ఆర్నేస్. తర్వాత మొదటిసారి ఫైదిమోస్ ముఖంలోకి చూశాడు. "నేను ఇన్నేళ్ళు నోరు మూసుకున్నది నీకోసమే బాబూ. దూరం నుంచి చూసుకునేవాణ్ణి. నువ్వు గుర్రం ఎక్కితే బాగుండేది చూడ్డానికి. అది చాల్లే నాకు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"నన్నడుగుతావేంటి," అన్నాడు నోమియోన్. "నేను గుర్రాలవాణ్ణి."

అతిథులు వచ్చారు. హిప్పాసోస్ తన మేనమామల్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు, పెళ్ళిమాట ఖాయం చేసుకోవడానికి. ఫైదిమోస్ నోమియోన్‌ను పిలిపించాడు. తన పక్కన ఒక పీట ఖాళీగా ఉంచాడు. వాడు రాలేదు. విందు మొదలయ్యాక హిప్పాసోస్ మేనమామలకు నది కథ చెప్పసాగాడు. మునగడం, నది రెండు చేతులతో ఎత్తడం, దొంగలు పారిపోవడం అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. మొదటిసారి కంటే కథ పెద్దదైంది.

"అది అబద్ధం," అన్నాడు ఫైదిమోస్.

హిప్పాసోస్ నవ్వు ముఖంతోనే ఆగిపోయాడు.

ఫైదిమోస్ లేచి నిలబడ్డాడు. మెట్ల మీద తల్లి తలముసుగు కనబడింది. మొత్తం చెప్పేస్తాడేమోనని ఆమె పక్క గోడ పట్టుకుని నిలబడి ఉంది. అతను ఆమె వైపే చూస్తూ, ఒక్కొక్క మాట ఏరుకుంటూ మాట్లాడాడు.

"నది నన్ను ఎత్తలేదు. ముంచింది. నోమియోన్ వద్దన్నాడు, నేను వినలేదు. నేను నీళ్ళు మింగి చస్తుంటే జుట్టు పట్టి లాగాడు. వాడి చెయ్యి ఇంకా సరిగా ముడుచుకోవడం లేదు. నా పరువు నిలబెట్టడానికి వాడే ఆ మాట కల్పించాడు. మీ ఇంట్లో వాణ్ణి బల్ల దగ్గర్నుంచి లేపినప్పుడు నేను నోరు విప్పలేదు. నవ్వాను. నేనే వాణ్ణి బయటకు పంపాను."

అంతవరకే చెప్పి కూర్చున్నాడు. మెట్ల మీది ముసుగు కొంచెంసేపు అలాగే ఉండి తర్వాత పైకి వెళ్ళిపోయింది.

మేనమామల్లో ఒకాయన దగ్గాడు. "నది కొడుక్కి ఈత రాదా?" అన్నాడు ఇంకొకాయన. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు బల్ల పొడుగునా పాకింది. హిప్పాసోస్ నవ్వలేదు.

"అయితే మేమంతా మా తాతతండ్రుల పేర్లు చెప్పుకుని ఒక గుర్రాలవాడి అబద్ధం మీద తాగామన్నమాట."

"నా అబద్ధం మీద," అన్నాడు ఫైదిమోస్.

"సొంత తండ్రే ముంచాడంటే ఆయనకు నువ్వంటే గిట్టడం లేదన్నమాట. దేవుడు వద్దనుకున్నవాడికి మా పిల్లను ఎలా ఇస్తాం?" హిప్పాసోస్ ఈసారి బావా అనలేదు. ఇచ్చిన వెండి గిన్నె తిరిగి అడిగితే మర్యాద కాదు కాబట్టి అడగలేదు, కానీ వెళ్ళేటప్పుడు దాని వైపు ఒకసారి చూశాడు.

ఆ తర్వాత సంతల్లో, గుర్రప్పందాల్లో ఫైదిమోస్‌కు "తడిసినదొర" అనే పేరు స్థిరపడింది. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు. అతను అటు తిరగ్గానే అనేవారు. కొత్తలో ఆ నవ్వులు వింటే అతనికి హాయిగా ఉండేది, తీర్చుకోవలసినదేదో తీరుతోందనిపించేది. కొన్నాళ్ళకు ఆ హాయి పోయింది. చెప్పిన సగం తేలికైనదనీ, చెప్పని సగం అలాగే ఉందనీ తెలిసొచ్చింది.

విందు జరిగిన మర్నాడే నోమియోన్ రథం కట్టుకుని వచ్చాడు.

"విన్నాను," అన్నాడు.

"ఎందుకు రాలేదు?"

"వస్తే నా మొహం చూసి మిగతాది కూడా కక్కేస్తావని భయమేసింది."

"కక్కేవాణ్ణేమో."

"తెలుసు." పగ్గాలు సరిచేసుకున్నాడు. "ఆ రోజు నువ్వు ఒక్క మాట అంటావని చూశాను. ఒక్కటంటే ఒక్కటి. మా వాడే, కూర్చోనివ్వండి అంటే సరిపోయేది."

"అవును."

"నేను మర్చిపోలేనురా. ప్రయత్నం చేస్తున్నాను, కావడం లేదు."

ఫైదిమోస్ రథం ఎక్కి అతని పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ మందలు చూసిరావడానికి వెళ్ళారు. పోట్లాట రాలేదు. పాతరోజులు కూడా తిరిగి రాలేదు. నోమియోన్ మాట్లాడేవాడు, నవ్వేవాడు, పని ఉంటే కేకేసి పిలిచేవాడు. కానీ ఎప్పుడైనా కోటలో భోజనానికి కూర్చోమంటే, తిని వచ్చానని చెప్పి తలుపు దగ్గరే నిలబడేవాడు. ఫైదిమోస్ రెండోసారి అడిగేవాడు కాదు. అడిగే హక్కు తనకు లేదని అతనికి తోచేది.

ఆ చలికాలం ఆర్నేస్‌కు దగ్గు పట్టుకుంది. వసంతం వచ్చేదాకా ఉండి కన్నుమూశాడు.

శవాన్ని గుడిసె ముందు గొర్రెతోళ్ళ మీద పడుకోబెట్టారు. కాపరులూ, వాళ్ళ ఆడవాళ్ళూ చేరారు. క్రినో కోట మీంచి దిగి వచ్చింది. ఆమె మైదానంలోకి రావడం అక్కడున్న పడుచువాళ్ళెవరూ ఎరగరు. ఆడవాళ్ళ వరసలో చివర నిలబడింది. ఇంటి యజమానురాలు పనివాడి కోసం ఎంత ఏడవవచ్చో అంతే ఏడ్చింది. మిగిలింది ముసుగు లోపలే ఉంచుకుంది.

పాడె ఎత్తేటప్పుడు ఫైదిమోస్ వెళ్ళి నోమియోన్ పక్కన ముందు కొయ్య భుజానికెత్తుకున్నాడు. గుంపులో గుసగుసలు లేచాయి. చితి పేర్చినచోట దింపాక ముసలి కాపరి ఒకడు, "రక్తసంబంధం ఉన్నవాళ్ళు ముందుకు రండి," అని పిలిచాడు. నోమియోన్ ముందుకు వెళ్ళాడు. ఫైదిమోస్ అడుగు వెయ్యబోయి తల్లి వైపు చూసి ఆగాడు. ఆ వేసిన అరడుగు వెనక్కి తీసుకున్నాడు. నోమియోన్ ఒక్కడే జుట్టు కోసి తండ్రి గుండెల మీద పెట్టాడు, ఒక్కడే తేనె పోశాడు, ఒక్కడే నిప్పంటించాడు.

మంటలు లేచాక ఒక ముసలమ్మ ఫైదిమోస్ దగ్గరకు వచ్చి అతని చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"గుర్రాలవాడి పాడె మోసిన దొరను నేనింతవరకూ చూళ్ళేదు నాయనా. ఎంత మంచి మనసు నీది. ఎంతైనా దేవుడి బిడ్డవి."

చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఇంకొందరు వచ్చి అతని అంగీ అంచు ముట్టుకున్నారు. సంతల్లో వెనకనుంచి వినబడిన నవ్వులేవీ ఇంత బాధపెట్టలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేక, కాదని చెప్పలేక, ముఖం భగ్గుమంటుండగా నేల చూస్తూ నిలబడ్డాడు.

చితికి అవతల నుంచి నోమియోన్ ఇదంతా చూస్తున్నాడు. జనం కాస్త పలచబడ్డాక పిలిచాడు.

"పొగ నీ మీదికే వస్తోంది. ఇటొచ్చి నిలబడు."

ఫైదిమోస్ చితి చుట్టూ తిరిగి వెళ్ళి అతని పక్కన నిలబడ్డాడు.